ఒకే వైపు తిరిగిన మేజోళ్లు

ఆ రోజు నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. ఠాణా అధికారి అమీన్ సాబ్ మా కార్ఖానా గడపలో నిలబడి, చేతిలో ఒక మేజోడు ఊపుతూ, "ఈ దారం ఎవరు చుట్టిన్రు?" అని అడిగితే నేను "సాయిలు" అన్నాను. అది అబద్ధం కాదు. చుట్టింది సాయిలే. ఏ వైపుకు చుట్టాలో చెప్పింది మాత్రం నేను. ఆ రెండో ముక్క నా నోట్లోంచి రాలేదు. ఎందుకు రాలేదంటే, నోరు బాగా తెరిస్తే నా నాలుక నీలంగా కనబడుతుంది. ఎందుకు నీలంగా ఉందో దాని చోట అది చెబుతాను. ఒక మనిషి ఠాణాలో పడి మగ్గడానికి నేరేడు పండ్లు కారణం కాకూడదు. మా ఊళ్లో అయ్యాయి.

అల్లిక పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, మీ అనుభవాలు చెప్పండి సార్ అంటారు. నేను ఏ మిల్లులో ఎప్పుడు చేరానో, ఏ కుర్చీలో కూర్చున్నానో వాళ్లకు పనికిరాదు. మేజోడు పైన ఉండే బెత్తెడు అంచు గురించి చెబుతాను. ఆ అంచులో రబ్బరు ఉంటుంది. నా పని మొత్తం ఆ రబ్బరే. నేను నేర్చుకున్నదంతా దాని దగ్గర చేసిన ఒక తప్పు వల్ల నేర్చుకున్నదే.

రబ్బరుకు నూలు తొడుగు

రబ్బరు పోగును ఒట్టిగా అల్లలేము. సూదికి అంటుకుంటుంది. ఒంటిని కోస్తుంది. చెమట తగిలితే కుళ్లుతుంది. అందుకని దానికి నూలు తొడుగు వేస్తారు. ముందు రబ్బరు పోగును సాగదీసి, సాగిన పోగు మీద నూలు చుడతారు. వదిలితే రబ్బరు ముడుచుకుంటుంది, నూలు చుట్లు దగ్గరికి వస్తాయి. మళ్లీ లాగితే నూలు ఎంతవరకు రానిస్తే అంతవరకే సాగుతుంది. సాగడం రబ్బరు గుణం, ఆపడం నూలు గుణం. దీన్ని మేము తొడుగు దారం అనేవాళ్లం.

ఒకే చుట్టు చుడితే ఆ దారం ఊరుకోదు. చుట్టిన వైపుకే మెలిక తిరుగుతూ ఉంటుంది. అందుకని దాని మీద ఇంకో చుట్టు, మొదటి దానికి ఎదురు దిక్కులో వేయాలి. మొదటిది కుడికి తిప్పితే రెండోది ఎడమకు. అప్పుడు రెండూ ఒకదాన్నొకటి పట్టి ఆపుతాయి, దారం బుద్ధిగా పడుకుంటుంది. సరిగా వచ్చిందో లేదో చూడాలంటే పెద్ద మిషన్లు అక్కర్లేదు. మూరెడు దారం తీసి రెండు చేతుల మధ్య వదులుగా వేలాడదీయండి. తిన్నగా వేలాడితే మంచిది. పంది తోకలా చుట్టుకుంటే వాపసు పంపండి. ఇప్పుడు రబ్బరు పోయి స్పాండెక్స్ వచ్చింది. పంది తోక మాత్రం అదే.

నేను బొంబాయిలో ఒక బనియన్ల మిల్లులో ఈ పని నేర్చుకుని, పడుచుతనంలోనే ఇబ్రహీంపట్నం తిరిగి వచ్చాను. పుల్లయ్య సేటు అప్పటికే బజారు వెనక పెంకుల షెడ్డులో, చేత్తో తిప్పే మేజోళ్ల మిషన్లు కొన్ని పెట్టి ఉన్నాడు. నన్ను మాస్టరుగా పెట్టుకున్నాడు. నిజాం పోలీసులు అప్పట్లో నిక్కర్లు తొడిగేవారు, మోకాలి దాకా మేజోళ్లు వేసేవారు. మా ఊరి ఠాణాకు ఆ మేజోళ్లు మేమే అల్లేవాళ్లం. మేజోడు జారితే జవాను వంగాలి. జవాను వంగితే జనం నవ్వుతారు. సర్కారు మర్యాద అంతా ఆ బెత్తెడు అంచు మీద నిలబడి ఉండేది.

అంతవరకు తొడుగు దారం తయారుగానే బొంబాయి నుంచి వచ్చేది. ఇండియన్ యూనియన్‌కూ నిజాంకూ చెడి, సరిహద్దుల్లో సరుకులు ఆగిపోయాక దారం రావడం మానేసింది. సేటు బెంగ పడలేదు. సైకిల్ ట్యూబులు కొన్నాడు. ట్యూబును మంగలి కత్తితో గుండ్రంగా కోస్తూ పోతే పొడుగాటి పోగు వస్తుంది. వడ్రంగి చేత రెండు బోలు కదుళ్లు, వాటికి చక్రాలు చేయించాం. ఊళ్లో సైకిళ్లు ఒక్కొక్కటీ నడక మానేశాయి. ఎవరు ఏ ట్యూబు తెచ్చి అమ్ముతున్నారో మేము అడగలేదు. అమీన్ సాబ్ సైకిల్ ట్యూబు కూడా పోయిందని, ఆయన నడిచి తిరుగుతున్నాడని తరువాత తెలిసింది. మా షెడ్డులో ఎర్ర అతుకు ఉన్న ట్యూబు ఒకటి నా చేత్తోనే కోశాను. అది ఆయనదే. ఆయన ట్యూబు ఆయన కాళ్లకే తిరిగి చేరింది గనుక దొంగతనం అనాలో, వాపసు అనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

పుల్లయ్య సేటు ప్రదక్షిణం

చక్రాల దగ్గర సాయిలును కూర్చోబెట్టాను. సాయిలు మంచాల ఊరికి పోయే దారిలో కొంచెం చెలక, అంటే మెట్ట పొలం, ఉన్న రైతు. వానలు సరిగా లేనప్పుడు మా దగ్గర కూలికి వచ్చేవాడు. మాట తక్కువ, చెయ్యి నిదానం. అతని బావమరిది నిజాం మీద తిరగబడ్డ సంగంలో చేరి గుట్టలు పట్టాడని ఊరందరికీ తెలుసు. సాయిలు మాత్రం ఏ సంగం లేని మనిషి. బావమరిది పేరు ఎత్తితే, "వాడు నాకు మేక బాకి ఉన్నడు" అనేవాడు.

మొదటి చుట్టు కుడికి అయిపోయింది. రెండో చుట్టు ఎడమకు మొదలుపెట్టినప్పుడు సేటు లోపలికి వచ్చాడు. మెడలో కొత్త తాయెత్తు ఉంది. ఆ రోజుల్లో ఆయన రజాకార్లకు భయపడేవాడు, సంగం వాళ్లకు భయపడేవాడు, మధ్యలో ఖాళీ దొరికితే శనికి భయపడేవాడు.

"ఏందిరా సాయిలు, చక్రం ఎటు తిప్పుతున్నవ్?"

"ఎడమకు సేటు."

"గుళ్లె ఎటు తిరుగుతవ్?"

"కుడికి."

"పెండ్లిల హోమం సుట్టు ఎటు తిరిగినవ్?"

"కుడికే. అయినా కలిసి రాలే," అన్నాడు సాయిలు.

"నవ్వకు. ఎడమకు తిరిగేది ఒక్క సావుకాడనే. దేశం మొత్తం ఉల్టా అయితుంటే నా కార్ఖానల చక్రం గూడ ఉల్టా తిరగాల్నా? ఏం మాస్టర్, నీకన్న తెల్వదా?"

నాకు తెలుసు. బొంబాయిలో రెండేళ్లు నేర్చుకున్నది అదొక్కటే. "సేటూ, దారానికి ప్రదక్షిణం లేదు, అప్రదక్షిణం లేదు, ఎదురు చుట్టు వేయకపోతే ఈ సరుకు పాడు" అని చెప్పాలి. సేటు అరుస్తాడు, ఆ పూట భోజనం చేయడు, మర్నాటికి ఒప్పుకుంటాడు. అంతకంటే జరిగేదేమీ లేదు. కానీ ఆయన అంతకు కొద్ది రోజుల ముందే నన్ను నలుగురిలో "మా మాస్టర్ అసొంటోడు పట్నంల గూడ దొరకడు" అన్నాడు. ఆ మాట ఇంకా తీపిగా ఉంది.

"సేటు చెప్పినట్టే తిప్పు" అన్నాను సాయిలుతో.

సాయిలు చక్రం ఆపాడు. "మెలిక వడుతది అంటివి గద మాస్టర్ నిన్న."

"నేను చూసుకుంటా. తిప్పు."

తిప్పాడు. దారం పంది తోకలయింది. నేను చూసుకున్నాను. అంటే, అల్లిన మేజోళ్లను ఆవిరి పట్టి, చెక్క పాదాలకు తొడిగి, బరువు పెట్టి చదును చేశాను. చూడటానికి అద్దంలా వచ్చాయి. ఆవిరితో మెలిక చావదు, నిద్రపోతుంది. కాలి వేడి, చెమట తగిలితే లేచి కూర్చుంటుంది. ఇదీ నాకు తెలుసు. తెలియక చేసే తప్పును ఎవరైనా దిద్దుతారు. తెలిసి, ఇస్త్రీ చేసి ఇచ్చిన తప్పును దిద్దేవాడుండడు.

అదే వారం ఆషాఢం వచ్చింది. కొత్తల్లుడు అత్తగారి గడప తొక్కకూడని నెల కదా. సేటు యాచారంలో ఉన్న కొత్తల్లుడికి బట్టలు కట్టి పంపుతూ, ఠాణా కోసం కట్టిన మేజోళ్లలోంచి మంచివి చూసి ఒక జత అందులో పెట్టాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

మంచాల దారిలో

ఈ భాగం నేను చూడలేదు. ఠాణా హవల్దారు చెప్పాడు. అతను తరువాత చాలామందికి చాలా రకాలుగా చెప్పాడు. మొదటిసారి చెప్పినదే రాస్తున్నాను.

మంచాల పక్క గుట్ట మీద సంగం దళం దిగిందని కబురు వస్తే, అమీన్ సాబ్ జవాన్లందరికీ కొత్త మేజోళ్లు తొడిగించి బయలుదేరాడు. సైకిల్ లేదు గనుక ఆయనా నడకే. సన్న వాన. ఊరు దాటేవరకు బాగానే ఉంది. కాళ్లు వేడెక్కాక మేజోళ్లు తిరగడం మొదలుపెట్టాయి. పిక్క మీద నేత తడిగుడ్డ పిండినట్టు మెలిపడింది. బూటు లోపల మడమ సంచి పక్కకు జరిగి, జరిగి, పాదం మీదికి వచ్చి లేసుల కింద ఉండలా కూర్చుంది. విచిత్రం ఏమిటంటే రెండు కాళ్లవీ ఒకే వైపు తిరుగుతాయి. కుడికాలు రోడ్డు పక్కకు, ఎడమకాలు కుడికాలి మీదికి పోదామంటుంది.

జవాన్లు ఆగి, గట్టు మీద వరసగా కూర్చుని, బూట్లు విప్పి సర్దుకున్నారు. లేచారు, నడిచారు, మళ్లీ తిరిగాయి. మళ్లీ కూర్చున్నారు. దళం వాళ్లు గుట్ట మీద కూర్చుని జొన్నరొట్టెలు తింటున్నారట. కింద సర్కారు వారు కూర్చుంటూ లేస్తూ, లేస్తూ కూర్చుంటూ వస్తుంటే వాళ్లకు అర్థం కాలేదు. మొదట ఇదేదో కొత్త కవాతు అనుకుని, తరువాత మేజోళ్ల సంగతి పట్టేశారు. తుపాకీ ఎత్తినవాడు నవ్వాపుకోలేక దించేశాడట. రొట్టెలు తినడం ముగించి, నీళ్లు తాగి, గుట్ట అవతలికి దిగిపోయారు. అమీన్ సాబ్ పైకి ఎక్కేసరికి ఉల్లిపాయ తొక్కలు మాత్రం ఉన్నాయి.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ ఏడు మా ప్రాంతంలో అంత మంచిగా ముగిసిన దాడి ఇంకొకటి ఉందో లేదో. నా తప్పు వల్ల ఎవరో బతికి ఉండొచ్చు. ఆ మాట చెప్పుకుని నేను చాలాసార్లు నిద్రపోవాలని చూశాను.

నేరేడు పండ్లు

మర్నాడు పొద్దున కార్ఖానా తెరుస్తుంటే ఒక ముసలవ్వ గంప దించింది. నిండా నేరేడు పండ్లు.

"ఎవరు పంపిన్రవ్వా?" అన్నాడు సేటు.

"గుట్టల్ల ఉన్న అన్నలు. మోజాలు మస్తు మంచిగ జేసిన్రని జెప్పుమన్నరు." ఆమె గంప బోర్లించి, గంప మాత్రం తీసుకుని వెళ్లిపోయింది.

సేటు ముఖంలో నెత్తురు లేదు. అప్పుడే హవల్దారు పరుగున వచ్చి మంచాల దారి సంగతి చెప్పి, అమీన్ సాబ్ వెనకే వస్తున్నాడని హెచ్చరించి పోయాడు. సంగం వాళ్లు బహుమానం పంపారని అమీన్ సాబ్‌కు తెలిస్తే మా గతి ఏమిటి? పారేద్దామంటే వీధి నిండా జనం. దాద్దామంటే నేల మీద కుప్ప.

"తినుండ్రి," అన్నాడు సేటు. "జల్ది తినుండ్రి!"

తిన్నాం. సేటూ నేనూ నేల మీద గొంతుకూర్చుని, గింజలు జేబుల్లో వేసుకుంటూ, ఎవరో తరుముతున్నట్టు తిన్నాం. సాయిలు అప్పటికి రాలేదు. అన్నీ అయ్యాక సేటు నావైపు చూసి, "నీ నాలుక!" అన్నాడు. నేను ఆయన నాలుక చూశాను. బట్టల నీలిమందులో ముంచి తీసినట్టుంది.

సాయిలు, అమీన్ సాబ్ ఒకేసారి వచ్చారు. సాయిలు పనికి, అమీన్ సాబ్ కుంటుతూ.

"ఒక్క మోజా తిరిగితే తప్పు," అన్నాడు అమీన్ సాబ్. "అన్ని మోజాలు ఒక్కటే దిక్కు తిరిగితే కుట్ర. ఏమంటవ్ సేటు?"

సేటు పెదవులు బిగించి తల ఊపాడు.

"మాట్లాడవేంది?"

సేటు పంటినొప్పి అన్నట్టు చెంప పట్టుకున్నాడు. అమీన్ సాబ్ నావైపు తిరిగాడు. "మాస్టర్, నువ్వు జెప్పు. ఈ దారం ఎవరు చుట్టిన్రు?"

చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని "సాయిలు" అన్నాను.

"వీని బామ్మర్ది ఎవడో తెలుసు గద మనకు!" అన్నాడు అమీన్ సాబ్ జవాన్లతో.

సాయిలు నన్ను చూశాడు. అరవలేదు, మొక్కలేదు. రెండో మాట కోసం ఎదురుచూశాడు. నేను చెయ్యి తీయలేదు. వాళ్లు అతన్ని తీసుకుపోయారు. మిషన్ల మీద అమీన్ సాబ్ విసిరేసిన మేజోడు ఒకటి మిగిలింది.

పండ్ల వల్ల నోరు తెరవలేదని ఇంతకాలం చెప్పుకున్నాను. మధ్యాహ్నానికి నాలుక మామూలైంది. ఠాణా కార్ఖానాకు ఎదురు వీధిలోనే ఉంది. ఆ రోజు గానీ, ఆ నెల గానీ నేను వీధి దాటలేదు.

దేశం కోసం, సంగం కోసం

వానాకాలం పోయేలోపు యూనియన్ సైన్యం వచ్చింది. పోలీస్ యాక్షన్ అన్నారు. అమీన్ సాబ్ ఏ దారిన పోయాడో ఎవరూ చూడలేదు. నడకనే పోయి ఉంటాడు. ఠాణాలో ఒక కెప్టెన్ దిగాడు. ఆయన మద్రాసు వైపు తెలుగువాడు.

సాయిలు ఇక వస్తాడని ఊరంతా అనుకుంది. నేను అందరికంటే ఎక్కువ అనుకున్నాను, ఎందుకంటే నేను ఏమీ చేయకుండానే నా బరువు దిగిపోతుంది.

సేటు మూడు రంగుల గుడ్డ కార్ఖానా మీద ఎగరేసి, పూలదండ పట్టుకుని కెప్టెన్ దగ్గరకు వెళ్లి, "నిజాం పోలీసుల కాళ్లు కట్టేసింది మేమే సార్. దేశం కోసం మోజాలు కావాలని మెలివెట్టినం" అని చెప్పాడు. కెప్టెన్ మెచ్చుకుని, ఆ దండ సేటు మెడలోనే వేశాడు. బజారులో సభ పెట్టి సేటును కుర్చీలో కూర్చోబెట్టారు. నేను జనంలో నిలబడి చప్పట్లు కొట్టాను. అదీ రాయాలి.

సాయిలు లోపలే ఉన్నాడు. యూనియన్ వారికి ఇప్పుడు సంగం వాళ్లతోనే పేచీ. కెప్టెన్ అడిగితే, పాత కొలువులోనే మిగిలిపోయిన హవల్దారు ఉన్న మాటే చెప్పాడు. ఆ సంభాషణ ఊళ్లో అందరికీ నోటికి వచ్చేసింది.

"ఇతనేం చేశాడండీ?"

"మోజాలు మెలివెట్టిండు సార్."

"సేటు గారు కూడా అదే చేశానన్నారే?"

"ఆయన దేశం కోసం వెట్టిండు సార్. ఈయన సంగం కోసం వెట్టిండు."

"మేజోళ్లు వేరు వేరా?"

"అవే మోజాలు సార్. ఉద్దేశం అలగ్."

కెప్టెన్ కాసేపు ఆలోచించి, ఉద్దేశం తేలేవరకు ఉంచండి అన్నాడట.

సాయిలు భార్య లచ్చమ్మ ఒక పొద్దున కార్ఖానాకు వచ్చింది. లోపలికి రాలేదు. గడప బయటే నిలబడింది.

"మాస్టర్, మా చెలక బీడు వడ్డది. జొన్నలు వెయ్యలే. ఇంక ఉలవలు వేసే అదును ఒక్కటే ఉన్నది. అది గూడ పోతే పోరగాండ్లకు ఏం వెట్టాలె?"

"నేనేం చేయగలను లచ్చమ్మా..."

"నీ నోట్ల ఒక్క మాట మీద మా ఆయన లోపల వడ్డడు. ఇంకొక మాట మిగిలి ఉన్నదంట గద. గది గూడ చెప్పు. దాసుకుని ఏం జేస్తవ్?"

సాయిలు ఆమెకు చెప్పాడన్నమాట. ఇన్నాళ్లూ తెలిసి, నేను వస్తానని చూశారు.

అల్లుడి కాలు

సేటుకు ముందు చెప్పాను. ఆయన దండం పెట్టాడు, తరువాత తిట్టాడు, తరువాత కార్ఖానాలోంచి పొమ్మన్నాడు. పోయి వీధి దాటాను.

"కెప్టెన్ గారూ, ఆ మేజోళ్లు దేశం కోసం కాదు, సంగం కోసం కాదు. నా తప్పు వల్ల తిరిగాయి."

కెప్టెన్ నన్ను అనుమానంగా చూశాడు. "నేను వచ్చినప్పటి నుంచి ఘనకార్యం చేశామని చెప్పుకోవడానికి వచ్చేవాళ్లే గానీ, తప్పు చేశామని ఎవరూ రాలేదండీ. అంటే మీరు నిజాం పోలీసులకు మంచి మేజోళ్లు ఇవ్వాలనుకున్నారన్నమాట?"

"ఎవరికైనా మంచివే ఇవ్వాలండీ," అన్నాను.

"రుజువు?"

వదులుగా పట్టిన దారం చూపించాను, మెలిక చూపించాను. "ఇది తిరుగుతుందని తెలుస్తోంది. కావాలని చేయలేదని ఎలా తెలుస్తుంది?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. అప్పుడు అల్లుడు గుర్తొచ్చాడు. చెప్పాను. కెప్టెన్ యాచారానికి జీపు పంపి, "వాళ్లొచ్చేవరకు మీరూ లోపల కూర్చోండి. మీది ఏ ఉద్దేశమో నాకింకా తెలియదు" అన్నాడు.

అలా సాయిలు ఉన్న గదిలోకి వెళ్లాను. చిక్కిపోయి గోడకు ఆనుకుని ఉన్నాడు.

"నువ్వెందుకొచ్చినవ్ మాస్టర్?"

"ఎటు చుట్టాలో నేనే చెప్పానని చెప్పడానికి."

"గిన్నొద్దులకా?"

తల వంచుకున్నాను. సాయిలు అన్నాడు: "నేరేడు పండ్లు మొత్తం మీరిద్దరే తిన్నరంట గద."

"అవును."

"ఏ మోజాలకు నేను లోపల వడ్డనో, వాటి పండ్లల్ల నాకు ఒక్కటి గూడ రాలే." నవ్వుతున్నాడో తిడుతున్నాడో ఆ చీకటి గదిలో తెలియలేదు. "తియ్యగున్నయా?"

"వగరు."

"మంచిగైంది," అన్నాడు సాయిలు.

మధ్యాహ్నానికి జీపు వచ్చింది. అల్లుడు కుంటుతూ దిగాడు. వెనకే దండ వాడిపోయిన సేటును కూడా పిలిపించారు. సాయిలును, నన్ను వరండాలోకి తెచ్చారు. వీధిలో జనం.

"మీ మామగారు ఆషాఢంలో మీకు మేజోళ్లు పంపారా?" అన్నాడు కెప్టెన్.

"పంపిండు సార్. గవి తొడుక్కుని మాల్ ఊరి పశువుల అంగడికి నడిచిన. చూడుండ్రి." అల్లుడు బూటు విప్పి పాదం చూపించాడు. లేసుల చోట నల్లగా కమిలి, గట్టిపడిన కాయ. "నడిరోడ్డు మీద బూటు ఇప్పి కూసుంటే పశువులు కొనెటోళ్లు వచ్చి, కాలు నేలకు ఆనుతలేదు, బేరం ఎట్లరా అని నవ్విన్రు. మా మామకు నా మీద ఏం కోపమో నేను అడగలే."

కెప్టెన్ సేటు వైపు తిరిగాడు. "సేటు గారూ, ఆ మేజోళ్లు శత్రువుల కాళ్లు విరచడానికి కావాలని చేయించారు కదా? తెలిసే అల్లుడికి పంపారా?"

సేటు అల్లుణ్ణి చూశాడు, జనాన్ని చూశాడు. దేశమా, కూతురి కాపురమా అన్నది ఆయన ముఖంలో అటూ ఇటూ తిరగడం మేమందరం చూశాం.

"మా అల్లుడు గూడ..." మెడలో తాయెత్తు పట్టుకున్నాడు. "మా అల్లుడు గూడ దేశం కోసమే తొడుక్కున్నడు సార్."

ముందు హవల్దారు నవ్వాడు. తరువాత కెప్టెన్. తరువాత వీధి. అల్లుడు నవ్వలేదు. సేటు స్తంభాన్ని పట్టుకుని కూర్చుండిపోయి, "తెల్వదు సార్. కుడికి తిప్పితే మంచి జరుగుతదనుకున్న. నేనే తిప్పుమన్న" అన్నాడు. చిన్నగానే అన్నాడు గానీ అన్నాడు. నేను ఆయనకు ఆ మెప్పు మాత్రం బాకీ పెట్టను. నా కంటే త్వరగానే చెప్పాడు.

కెప్టెన్ సాయిలును వెళ్లమన్నాడు. సాయిలు మెట్లు దిగి, లచ్చమ్మ దగ్గర ఆగి, వెనక్కి చూడకుండా మంచాల దారి పట్టాడు. నన్ను తిట్టి ఉంటే ఆ రాత్రి అన్నం తినగలిగేవాణ్ణి.

ఉలవచేను

పని పోయింది గనుక నాకు తీరిక ఉంది. రెండో రోజు సాయిలు చెలకకు వెళ్లాను. అతను నాగలి పట్టుకోబోయి, కాళ్లలో బలం లేక గట్టు మీద కూర్చున్నాడు. ఉలవలకు అదును దాటిపోతోంది. నేను ధోవతి పైకి కట్టి నాగలి పట్టుకున్నాను.

అంతకుముందు నేను ఎద్దును పక్కనుంచి కూడా తాకలేదు. మొదటి చాలు పాము పోయినట్టు పోయింది. మంచాల పోయే జనం ఆగి చూశారు. "మాస్టర్ మోజా అల్లుతుండా, దున్నుతుండా?" అని ఒకరు, "గది గూడ తిరుగుతది సూడుండ్రి" అని ఇంకొకరు. లచ్చమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుకే అనుకుంటాను. సాయంత్రానికి అరచేతులు పొక్కిపోయాయి. మర్నాడు మళ్లీ వెళ్లాను. దున్నడం, చల్లడం అయ్యేవరకు వెళ్లాను. సాయిలు వద్దనలేదు, రమ్మనలేదు.

తరువాత నేను పట్నం పోయి మిల్లుల్లో చేరాను. ఎక్కడ పనిచేసినా కొత్త సరుకు వచ్చినప్పుడు మొదటి జత నేనే తొడుక్కుని ఊరు దాటేదాకా నడిచి వచ్చేవాణ్ణి. పై అధికారులు దాన్ని నా పిచ్చి అనుకున్నారు. ఎవరైనా యజమాని, చుట్టు మార్చు, ఆలస్యమవుతోంది అంటే, కుదరదని అక్కడే చెప్పేవాణ్ణి. రెండుసార్లు ఉద్యోగం పోయింది. మీరూ అంతే చేయాలని నేను అనను. దారం వదులుగా పట్టి చూడటం మాత్రం మానకండి.

చెలకలో మొదటి రోజు సంగతి ఒకటి మిగిలింది. చాలు చివర ఎద్దులను మళ్లించాలి. నేను అలవాటు కొద్దీ కుడికి లాగుతున్నాను. ఎద్దులు మొరాయించి నిలబడ్డాయి. గట్టు మీద అప్పటిదాకా ఒక్క మాట ఆడని సాయిలు కేకేశాడు.

"మాస్టర్! ఎడమకు. ఎడమకు తిప్పు."

ఎడమకు తిప్పాను.